చక్రం తిప్పితే చేపలు మాయం

ప్రశ్న: మాది విశాఖపట్నం, పెదజాలారిపేట. మా బావ తెల్లారగట్ల ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి చేపలు తెచ్చి ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే వైపు ఇళ్ళకు వేస్తాడు. ఆర్డర్లు తీసుకోవడానికి చిన్న యాప్ చేస్తున్నాను. ఒకే చేపని ఒకరు వంజరం అంటారు, ఇంకొకరు కోనాం అంటారు. అందుకని పేర్లు కాకుండా ఫొటోలే చక్రంలో తిరిగేలా ఐఫోన్‌లో యూఐపికర్‌వ్యూ (తిప్పి ఎంచుకునే చక్రం) వాడాను. 24 చేపల ఫొటోల్ని యూఐఇమేజ్‌వ్యూలుగా (బొమ్మని చూపించే చట్రాలుగా) చేసి అర్రేలో (కోడ్‌లోని జాబితాలో) పెట్టి, వరుస అడిగినప్పుడల్లా అందులోంచి ఒకటి తీసి ఇస్తున్నాను. తెరవగానే బాగుంటుంది. రెండుసార్లు తిప్పేసరికి కొన్ని చేపలు మాయమై ఖాళీ వరుసలు వస్తున్నాయి. మళ్ళీ తిప్పితే అవి వస్తాయి, వేరేవి పోతాయి. గుండ్రంగా ఉండాల్సిన చందువ సాగిపోయి సొరలా కనిపిస్తోంది. పక్కన బరువుల కాలమ్ పెడితే అందులో ఏమీ రావడం లేదు. సిమ్యులేటర్‌లో నడిచే యాప్ మా అక్క పాత ఐఫోన్‌లో కాసేపటికే మూసుకుపోతోంది. ఆండ్రాయిడ్‌కీ ఇదే చేయాలి. ఎక్కడ తప్పుతున్నాను?

జవాబు: చేపలు మాయమవడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. ‘యూఐఇమేజ్‌వ్యూలుగా చేసి అర్రేలో పెట్టాను’ అన్నారే, అక్కడ.

వ్యూ అంటే తెర మీద కనిపించే ఒక్కో ముక్క. ఐఫోన్ తెర మీద ఒక వ్యూకి ఒక సమయంలో దాన్ని మోసే తల్లి వ్యూ ఒకటే ఉంటుంది. దాన్ని తీసుకెళ్ళి ఇంకో వ్యూలో పెడితే పాత చోటు నుంచి దానంతటదే ఊడి వచ్చేస్తుంది. ఎర్రర్ ఉండదు, హెచ్చరిక ఉండదు. హాల్లో వేలాడుతున్న పటాన్ని దేవుడి గదిలో తగిలిస్తే హాల్లో మేకు మాత్రమే మిగిలినట్టు. మీకు కనిపిస్తున్న ఖాళీ వరుసలు ఆ మేకులే.

మరి పికర్ ఒక వరుసని రెండు చోట్ల ఎందుకు పెడుతోంది? బయటికి ఒకటే చక్రంలా ఉన్నా లోపల ఒక్కో కాలమ్‌కి ఒకటికి మించి టేబుళ్ళు ఉంటాయి. మధ్యలో ఎంపికైన పట్టీకి ఒకటి, దానికి పైనా కిందా వంగి మసకబారే భాగాలకి వేరేవి. యాప్ నడుస్తుండగా ఎక్స్‌కోడ్‌లో (ఐఫోన్ యాప్‌లు రాసే సాధనం) వ్యూ హైరార్కీ డీబగ్గర్ నొక్కి పికర్‌ని పక్కకి తిప్పి చూస్తే ఈ పొరలు విడివిడిగా కనిపిస్తాయి. ఒక చేప మధ్య పట్టీలోకి జారుతున్నప్పుడు అదే వరుసకి రెండు మూడు వ్యూలు కావాల్సి వస్తుంది. మీరు ప్రతిసారీ ఆ ఒక్క ఇమేజ్‌వ్యూనే ఇస్తున్నారు కాబట్టి చివరగా అడిగిన టేబుల్‌కి అది దక్కుతుంది, మిగతావాటికి ఖాళీ మిగులుతుంది. నమ్మకం కుదరకపోతే, వరుస కావాల్సినప్పుడల్లా పికర్ పిలిచే ‘వ్యూ ఫర్ రో’ మెథడ్ మొదటి లైన్‌లో వరుస సంఖ్యని ప్రింట్ చేయించండి. ఒకే సంఖ్య పదే పదే వస్తుంది.

మీరు చూసి నేర్చుకున్న పాఠం పాతదై ఉండాలి. 2013లో ఐఓఎస్ 7 రాకముందు ఇమేజ్‌వ్యూల్ని అర్రేలో దాచి ఇచ్చే పద్ధతి పనిచేసేది, చాలా పాఠాలు అలాగే నేర్పాయి. ఇప్పుడది చెల్లదు.

కాబట్టి అర్రేలో దాచాల్సింది యూఐఇమేజ్‌ని, యూఐఇమేజ్‌వ్యూని కాదు. బొమ్మ వేరు, చట్రం వేరు. ఒకే యూఐఇమేజ్‌ని పది ఇమేజ్‌వ్యూలు ఒకేసారి చూపించగలవు, దానివల్ల మెమరీ పదింతలు కాదు. చట్రం మాత్రం అడిగిన ప్రతిసారీ కొత్తది ఇవ్వాలి.

చేయాల్సింది ఇలా. చేప అనే స్ట్రక్ట్ ఒకటి రాసుకుని అందులో ఐడీ, పేరు, యూఐఇమేజ్ పెట్టండి. యూఐవ్యూ నుంచి ‘చేపవరుస’ అనే చిన్న క్లాస్ చేయండి. లోపల ఒక ఇమేజ్‌వ్యూ, దాని కింద ఒక లేబుల్. ‘వ్యూ ఫర్ రో’లో ‘రీయూజింగ్’ పేరుతో వచ్చే వ్యూ మీ చేపవరుస రకమే అయితే దాన్నే వాడండి, కాకపోతే కొత్తది సృష్టించండి. ఆ తర్వాత బొమ్మ, పేరు నింపి తిరిగి ఇవ్వండి. ఈ రీయూజింగ్ మీద ఆశ మాత్రం పెట్టుకోకండి. టేబుల్‌వ్యూలో సెల్స్ తిరిగి వచ్చినంత నమ్మకంగా ఇక్కడ రావు, చాలాసార్లు నిల్, అంటే ఏమీ లేదని వస్తుంది. అందుకే చేపవరుస తేలిగ్గా ఉండాలి. అందులో నీడలు, గుండ్రటి మూలల మాస్కులు, ఫైల్ చదవడాలు పెడితే ప్రతి తిప్పుకీ అన్నీ మొదటి నుంచి జరుగుతాయి.

చేపవరుస పైవ్యూకి కొలత ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. దానికి ఫ్రేమ్ (చోటు, కొలత) మీరే ఇవ్వండి, ఆటోలేఅవుట్‌కి (నియమాల్ని బట్టి సిస్టమే కొలతలు లెక్కేసే పద్ధతికి) వదలకండి. పికర్‌నే ‘రో సైజ్ ఫర్ కాంపొనెంట్’ అని అడిగితే ఆ కాలమ్‌లో వరుస వెడల్పు, ఎత్తు చెబుతుంది, అదే ఫ్రేమ్‌గా పెట్టండి. లోపలి ఇమేజ్‌వ్యూకి, లేబుల్‌కి కన్‌స్ట్రెయింట్లు (ఆ నియమాలు) నిక్షేపంగా వాడుకోవచ్చు. పైవ్యూకే ఆటోరీసైజింగ్ అనువాదం ఆపేస్తే దాని కొలత సున్నాగా మిగిలిపోయి, మొత్తం చక్రమే ఖాళీగా కనిపించవచ్చు. అప్పుడు ఇది కూడా మాయమయ్యే జబ్బే అనుకుని రెండు రోజులు వేరే చోట వెతుకుతారు.

బరువుల కాలమ్ ఖాళీ సంగతికి జవాబు ఒక్క ముక్క. ‘వ్యూ ఫర్ రో’ రాసిన క్షణం నుంచి ‘టైటిల్ ఫర్ రో’ని పికర్ పట్టించుకోదు, ఏ కాలమ్‌కైనా సరే. చేపలకి వ్యూ, బరువులకి టైటిల్ అనే పంపకం లేదు. రెండో కాలమ్ అడిగినప్పుడు మధ్యకి అమర్చిన యూఐలేబుల్ ఒకటి చేసి ‘అరకేజీ’, ‘కేజీ’, ‘కేజీన్నర’ అని రాసి ఇవ్వండి. అక్కడా లేబుళ్ళని దాచిపెట్టి ఇవ్వకండి, జబ్బు అదే.

ఇక చందువ సొరలా సాగడం. ఇమేజ్‌వ్యూకి కంటెంట్ మోడ్ చెప్పకపోతే అది ‘స్కేల్ టు ఫిల్’, అంటే చోటు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారానికి బొమ్మని లాగేస్తుంది. ‘స్కేల్ యాస్పెక్ట్ ఫిట్’ పెట్టండి. ‘యాస్పెక్ట్ ఫిల్’ పెడితే ‘క్లిప్స్ టు బౌండ్స్’ కూడా పెట్టాల్సిందే, లేకపోతే వంజరం తోక పక్క వరుసలోని నెత్తళ్ళ మీద పడుతుంది.

ఫిట్ పెట్టినంత మాత్రాన అందం రాదు. పికర్‌లో ఒక కాలమ్ మొత్తానికి ఒకే వరుస ఎత్తు. ఈ చేపకి ఇంత, ఆ చేపకి అంత అని ఇవ్వడం కుదరదు. కాబట్టి 24 ఫొటోలూ ఒకే కొలత గల పలక మీద ఉండాలి. చేపల విషయంలో మీకు అదృష్టం కలిసొచ్చింది. పికర్ వరుస అడ్డంగా పొడుగు, చేపా అంతే. ఏటికొప్పాక బొమ్మల అంగడికి ఇదే చక్రం చేయమంటే వద్దనేవాళ్ళం, నిలువు బొమ్మలు ఆ వరుసలో అగ్గిపుల్లల్లా కనిపిస్తాయి. మీకు వెడల్పు 3, ఎత్తు 1 నిష్పత్తి పలక సరిపోతుంది. వంజరం, పండుగప్ప, కానాగంతలు, సొర అందులో హాయిగా పడుకుంటాయి. చందువ ఒక్కటే పెడితే మధ్యలో బిళ్ళలా ఉండి రెండు పక్కలా ఖాళీ వస్తుంది. అందుకని రెండు చందువల్ని పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి. నెత్తళ్ళు, కవ్వళ్ళు, రొయ్యలు ఒకటొకటిగా కాకుండా అడ్డంగా పరిచిన గుప్పెడు. పీతకి కాళ్ళు చాచిన పై ఫొటో.

కొలతలు చెబుతాం. పికర్ మామూలు ఎత్తు 216 పాయింట్లు. వరుస ఎత్తు 76 పాయింట్లు పెట్టండి. అందులో బొమ్మకి 150 వెడల్పు, 50 ఎత్తు. కింద 4 ఖాళీ, మిగిలిన 22 పేరుకి. అప్పుడు మధ్యలో ఒక చేప పూర్తిగా, పైనా కిందా ఒక్కొక్కటి వంగి సగం సగం కనిపిస్తాయి. తర్వాతేముందో తెలియడానికి అది చాలు. చేపల కాలమ్‌కి 200, బరువుల కాలమ్‌కి 95 వెడల్పు ఇస్తే 320 పాయింట్ల చిన్న ఐఫోన్‌లో కూడా పడుతుంది. రెండూ కలిపి తెర వెడల్పు మించితే అంచులు తెగుతాయి. పేరుకి 15 పాయింట్ల అక్షరం చాలు గానీ లేబుల్ ఎత్తు 22కి తగ్గించొద్దు. ‘నెత్తళ్ళు’లో ళ్ళు కింద ఒత్తు తెగితే చదివేవాళ్ళకి చిరాకు. పొడుగు పేర్ల కోసం అక్షరం తనంతట తగ్గేలా మినిమమ్ స్కేల్ 0.7 పెట్టండి.

ఫొటోలే చాలు, పేర్లెందుకు అంటారేమో. పేరు తీయకండి. మధ్యలో ఉన్నది తప్ప మిగతా వరుసలు వంగి, పాలిపోయి కనిపిస్తాయి. వేగంగా తిరిగేటప్పుడు కానాగంతలకీ కవ్వళ్ళకీ తేడా అక్షరం వల్లే తెలుస్తుంది. వంజరం, కోనాం పేచీకి రెండు పేర్లూ ఒకే లేబుల్‌లో గీత పెట్టి రాసేయండి.

అక్క ఫోన్ సంగతి అసలు పెద్దది. ఫొటోలు హార్బర్‌లో ఫోన్‌తో తీసినవే అయి ఉంటాయి. ఒక్కోటి 2, 3 ఎంబీ ఫైలే కదా అనిపిస్తుంది. ఫైల్ సైజుకీ మెమరీకీ సంబంధం లేదు. 12 మెగాపిక్సెల్ ఫొటో అంటే 4032 అడ్డం, 3024 నిలువు చుక్కలు. తెర మీద చూపించాలంటే దాన్ని విప్పాలి, విప్పాక ఒక్కో చుక్కకి 4 బైట్లు. గుణించండి: 4,87,71,072 బైట్లు. ఒక్క చేపకి దాదాపు 49 ఎంబీ. చక్రం కిందిదాకా తిప్పితే 24 చేపలకి 1,170 ఎంబీ వరకు పేరుకోవచ్చు. ఐఫోన్ 7, 8 లాంటి వాటిలో మొత్తం ర్యామ్ 2 జీబీ, అందులో సిస్టమ్ వాటా పోగా మీ యాప్‌కి దక్కేది కొంతే. హద్దు దాటగానే ఐఓఎస్ యాప్‌ని చంపేస్తుంది. అది మామూలు క్రాష్ కాదు కాబట్టి మీ కోడ్‌లో ఫలానా లైన్ అని ఎక్కడా చూపించదు. సిమ్యులేటర్ మీ మ్యాక్ మెమరీ వాడుకుంటుంది, అందుకే అక్కడ ఏమీ కాలేదు. హెచ్‌ఈఐసీ ఫైలైనా, జేపీఈజీ నాణ్యత తగ్గించినా లాభం లేదు. ఫైల్ చిక్కుతుంది గానీ విప్పితే చుక్కలు అన్నే.

మీకు కావాల్సింది 150, 50 పాయింట్ల బొమ్మ. మూడింతల తెర (ఒక పాయింట్‌కి అడ్డంగా, నిలువుగా మూడేసి చుక్కలు) ఉన్న ఫోన్‌కి అది 450, 150 చుక్కలు. అంటే 2,70,000 బైట్లు. 24 చేపలూ కలిపి ఆరున్నర ఎంబీ లోపే. 1,170 ఎక్కడ, ఆరున్నర ఎక్కడ!

ఫొటోలు యాప్‌తోపాటే ఇచ్చేవైతే మ్యాక్‌లో ప్రివ్యూ తెరిచి 3కి 1గా కత్తిరించి, 450 వెడల్పుకి తగ్గించి ఎసెట్ కేటలాగ్‌లో (ఎక్స్‌కోడ్‌లో యాప్ బొమ్మలు ఉంచే చోటు) 3ఎక్స్ గడిలో, 300 వెడల్పుది 2ఎక్స్ గడిలో పెట్టేయండి. పని అయిపోయింది. అయితే రోజూ కొత్త ఫొటోలు బావ పంపుతుంటే, అవి సర్వర్ నుంచి వస్తుంటే, ఫోన్‌లోనే తగ్గించాలి. పెద్ద ఫొటోని యూఐఇమేజ్‌గా తెరిచి ఆ తర్వాత చిన్నగా గీయడం పాత అలవాటు. అందులో ఒకసారి 49 ఎంబీ విప్పక తప్పదు. దాని బదులు యాపిల్ బొమ్మల లైబ్రరీ ఇమేజ్ఐఓలో ‘సీజీ ఇమేజ్ సోర్స్ క్రియేట్ థంబ్‌నెయిల్ ఎట్ ఇండెక్స్’ వాడండి. దానికి మూడు ఆప్షన్లు ఇవ్వాలి. ‘థంబ్‌నెయిల్ మ్యాక్స్ పిక్సెల్ సైజ్’ 450, ఇది పొడుగు వైపు చుక్కల లెక్క, పాయింట్లు కాదు. ‘క్రియేట్ థంబ్‌నెయిల్ ఫ్రమ్ ఇమేజ్ ఆల్వేస్’ ట్రూ, లేకపోతే ఫొటోలో కెమెరా దాచిన నాసిరకం బుల్లి బొమ్మ రావచ్చు. ‘క్రియేట్ థంబ్‌నెయిల్ విత్ ట్రాన్స్‌ఫామ్’ ట్రూ, ఇది మరిస్తే ఫోన్ నిలువుగా పట్టుకుని తీసిన చేపలు తోక మీద నిలబడతాయి. ఐఓఎస్ 15 నుంచి యూఐఇమేజ్‌లోనే థంబ్‌నెయిల్ సిద్ధం చేసే మెథడ్లు వచ్చాయి. పాత ఫోన్లు అక్కర్లేదనుకుంటే అవీ చాలు.

అలా వచ్చిన సీజీఇమేజ్‌ని యూఐఇమేజ్‌గా మార్చేటప్పుడు స్కేల్ 3 అని చెప్పండి. చెప్పకపోతే 1 అనుకుని దాని సహజ వెడల్పు 450 పాయింట్లు అంటుంది. స్టాక్‌వ్యూలో పెట్టుంటే బొమ్మ పెరిగి పేరుని బయటికి నెట్టేస్తుంది.

దిగుమతి ఎప్పుడు చేయాలన్నది ఇంకో మెలిక. ‘వ్యూ ఫర్ రో’ లోపల ఫైల్ చదవకండి, నెట్ నుంచి అసలే తెప్పించకండి. ఆ మెథడ్ మెయిన్ థ్రెడ్ మీద, అంటే తెరని కదిలించే పని జరిగే చోటే నడుస్తుంది. అక్కడ ఆలస్యమైన ప్రతి మిల్లీసెకనూ చక్రం తడబాటుగా వేలికి తెలుస్తుంది. 24 చేపలే కాబట్టి టేబుల్‌వ్యూలో చేసినట్టు కనిపించిన వరుసకి మాత్రమే తెప్పించే తంటా వద్దు. తెర తెరవగానే అన్నీ నేపథ్యంలో తెప్పించి, తగ్గించి, అర్రే నిండాక మెయిన్ థ్రెడ్‌కి వచ్చి ఒక్కసారి ‘రీలోడ్ ఆల్ కాంపొనెంట్స్’ పిలవండి. అంతవరకు వరుసల్లో పేర్లతోపాటు బూడిదరంగు పలక చూపించండి. ఒక్కో ఫొటో వచ్చినప్పుడల్లా రీలోడ్ చేస్తే తిప్పుతున్నవాళ్ళ చేతిలో చక్రం గింజుకుంటుంది.

ఫొటోల నేపథ్యం గురించి కూడా ఒక మాట. తెల్ల కాగితం మీద తీసిన చేప పగలు బాగానే ఉంటుంది. డార్క్ మోడ్‌లో నల్లటి చక్రంలో తెల్ల డబ్బాలు తిరుగుతుంటాయి. నేపథ్యం తీసేసిన పీఎన్‌జీ మేలు. వెండిరంగు చేపలు లేత తెర మీద కలిసిపోకుండా ఫొటో తీసేటప్పుడే నీలం ప్లాస్టిక్ ట్రే మీద, నీడలో తీయండి, అంచు స్పష్టంగా కత్తిరించుకోవచ్చు. ఎసెట్ కేటలాగ్‌లో రెండర్ యాజ్ దగ్గర ‘టెంప్లేట్’ పడిందేమో చూడండి. పడితే చేప బదులు ఒకే రంగు పూసిన చేప ఆకారం వస్తుంది.

మీ వ్యాపారానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, మీరు అడగకపోయినా చెప్పాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో మీ 24 చేపలు ఏడెనిమిదికి పడిపోతాయి. మామూలు రోజుల్లోనూ హార్బర్‌లో దొరికిందాన్ని బట్టి జాబితా మారుతుంది. ఎంపికని మీరు వరుస సంఖ్యగా దాచి ఉంటే నిన్న 5వ వరుసలో ఉన్న పండుగప్ప ఇవాళ రొయ్యలవుతుంది, ఆర్డర్ తప్పు ఇంటికి పోతుంది. ఎప్పుడూ చేప ఐడీ దాచండి. జాబితా మారినప్పుడు ముందు అర్రే మార్చి, వెంటనే రీలోడ్ చేసి, ఆ ఐడీ కొత్త జాబితాలో ఎక్కడుందో వెతికి ‘సెలెక్ట్ రో’తో అక్కడికి తిప్పండి. లేకపోతే మొదటి వరుసకి తెచ్చి, మీరు ఎంచుకున్న చేప ఇవాళ లేదని చెప్పండి. అర్రే మార్చి రీలోడ్ మరిచిపోతే పికర్ పాత లెక్క ప్రకారం 20వ వరుస అడుగుతుంది, మీ అర్రేలో ఎనిమిదే ఉంటాయి, యాప్ అక్కడికక్కడే పడిపోతుంది. జాబితా పూర్తిగా ఖాళీ అయితే ‘సెలెక్టెడ్ రో’ -1 ఇస్తుంది. దాన్ని అర్రే సూచికగా వాడినా అంతే సంగతి.

‘సెలెక్ట్ రో’తో మీరు తిప్పినప్పుడు ‘డిడ్ సెలెక్ట్ రో’ రాదు. వేలితో తిప్పి చక్రం ఆగినప్పుడే వస్తుంది. కాబట్టి మీరు తిప్పిన చోట ఎంపికని మీరే రాసుకోవాలి. తెర తెరవగానే మొదటి చేప మధ్యలో కనిపిస్తున్నా మీ వేరియబుల్ ఖాళీగానే ఉంటుంది. కొనేవాళ్ళు చక్రం ముట్టకుండా ఆర్డర్ నొక్కితే ఏం పోతుందో చూసుకోండి. ఇంకోటి, చక్రం ఇంకా తిరుగుతుండగానే ఆర్డర్ నొక్కేవాళ్ళుంటారు. అప్పటికి కొత్త ఎంపిక మీకు అందదు, పాత చేపే పోతుంది. దీనికి తెలివైన కోడ్ కంటే తేలికైన విరుగుడు ఉంది. బటన్ మీదే ‘కేజీ చందువ ఆర్డర్ చేయి’ అని ఎంపిక రాసి చూపించండి, ‘డిడ్ సెలెక్ట్ రో’ వచ్చినప్పుడల్లా అది మార్చండి. తేడా ఉంటే నొక్కేవాళ్ళ కంటికే పడుతుంది.

చక్రం చివర ఆగకుండా గుండ్రంగా తిరగాలంటే వరుసల సంఖ్యని అసలు సంఖ్యకి 100 రెట్లు చెప్పి, వరుసని 24తో భాగిస్తే మిగిలే శేషాన్ని వాడి, మొదట మధ్యలో ఎక్కడో నిలబెట్టడం ఒక ఉపాయం. పనిచేస్తుంది. మీకు వద్దనే అంటాం. ఏ చేపలున్నాయో అన్నీ చూశానా లేదా అన్నది కొనేవాళ్ళకి తెలియాలి, చివర అనేది ఉండాలి.

కళ్ళు కనిపించనివాళ్ళు వాయిస్‌ఓవర్‌తో (ఐఫోన్‌లో తెర మీదిది చదివి వినిపించే సదుపాయం) వాడతారు. వట్టి ఇమేజ్‌వ్యూ ఇస్తే వాళ్ళకి చేప పేరు వినపడదు. చేపవరుసని యాక్సెసిబిలిటీ ఎలిమెంట్‌గా ప్రకటించి, దాని ‘యాక్సెసిబిలిటీ లేబుల్’లో పేరు, ధర రాయండి.

స్విఫ్ట్‌యూఐలో (యాపిల్ తెరలు రాసే కొత్త పద్ధతి) తిరగరాద్దామా అని ఆలోచన ఉంటే: ‘పికర్ స్టైల్ వీల్’ పెట్టి లోపల ఇమేజ్ పెట్టొచ్చు, ‘రీసైజబుల్’, ‘స్కేల్డ్ టు ఫిట్’, ఫ్రేమ్ ఈ మూడూ తప్పనిసరి. కానీ ఆ చక్రంలో వరుస ఎత్తు మార్చుకునే వీలు లేదు, సుమారు 32 పాయింట్ల దగ్గరే ఉంటుంది. జెండాలు, గుర్తులు అయితే సరే. 76 పాయింట్ల చేప అందులో పట్టదు. ఇప్పుడున్న యూఐపికర్‌వ్యూనే ‘యూఐవ్యూ రిప్రెజెంటబుల్’లో చుట్టి వాడుకోండి.

ఆండ్రాయిడ్ దగ్గరికి వద్దాం. మీ బావ కొనుగోలుదారుల్లో ఎక్కువమంది చేతుల్లో ఉండేది అదే అయితే ముందు అదే చేయాల్సింది. నంబర్‌పికర్ చూడటానికి చక్రంలా ఉన్నా దానికి అక్షరాలే తెలుసు, బొమ్మలు పట్టవు. దాన్ని వంచే ప్రయత్నంలో వారం పోగొట్టుకోకండి. రీసైక్లర్‌వ్యూతో (ఆండ్రాయిడ్‌లో జరిపి చూసే జాబితా) చక్రం మీరే కట్టుకోవచ్చు. ఒక్కో వరుస 80 డీపీ (ఐఫోన్ పాయింట్ లాంటి ఆండ్రాయిడ్ కొలత), మొత్తం ఎత్తు 240 డీపీ. పైనా కిందా 80 డీపీ ప్యాడింగ్ ఇచ్చి ‘క్లిప్ టు ప్యాడింగ్’ ఫాల్స్ చేయండి, అప్పుడే మొదటి చేప, చివరి చేప కూడా మధ్యకి రాగలవు. తర్వాత ‘లీనియర్ స్నాప్ హెల్పర్’ తగిలిస్తే వరుసలు మధ్యలో ఆగుతాయి. ‘పేజర్ స్నాప్ హెల్పర్’ వద్దు, అది ఒక్క విసురుకి ఒక్క చేపే కదుపుతుంది. హెల్పర్‌ని ఒక్కసారే తగిలించాలి. అదే రీసైక్లర్‌వ్యూకి రెండో హెల్పర్ తగిలిస్తే ఫ్లింగ్ లిజనర్ ఇప్పటికే ఉందంటూ యాప్ పడిపోతుంది.

ఎంపిక తెలియాలంటే స్క్రోల్ స్థితి ‘ఐడిల్’ అయినప్పుడు హెల్పర్‌ని ‘ఫైండ్ స్నాప్ వ్యూ’ అడిగి, ఆ వ్యూ స్థానం లేఅవుట్ మేనేజర్ నుంచి తీసుకోండి. కోడ్ నుంచి ‘స్క్రోల్ టు పొజిషన్’ పిలిస్తే ఈ ఐడిల్ రాదు, ఐఫోన్‌లో లాగే అక్కడా ఎంపిక మీరే రాసుకోవాలి. ఇక్కడ వ్యూలు నిజంగానే తిరిగి వాడబడతాయి. అందుకే మాయమయ్యే జబ్బు బదులు వేరేది వస్తుంది: కొత్త ఫొటో వచ్చేలోపు పాత చేప కనిపించడం. గ్లైడ్ లాంటి లైబ్రరీ వాడితే ప్లేస్‌హోల్డర్ పెట్టండి, ‘ఓవర్‌రైడ్’లో 450, 150 ఇవ్వండి, పెద్ద ఫొటో పూర్తి కొలతలో మెమరీలోకి రాదు. ప్రతి వరుసకీ కంటెంట్ డిస్క్రిప్షన్‌లో చేప పేరు రాయండి, వాయిస్‌ఓవర్ లాంటి ఆండ్రాయిడ్ టాక్‌బ్యాక్ దాన్నే చదువుతుంది. కంపోజ్‌లో (ఆండ్రాయిడ్ తెరలు రాసే కొత్త పద్ధతి) రాస్తుంటే అక్కడి జాబితా లేజీకాలమ్‌కి ‘రిమెంబర్ స్నాప్ ఫ్లింగ్ బిహేవియర్’, పైకీ కిందికీ కంటెంట్ ప్యాడింగ్, అదే లెక్క.

రెండింటిలో ఏది చేసినా పరీక్ష మాత్రం అక్క ఫోన్‌లాంటి పాత ఫోన్ మీదే. ఎక్స్‌కోడ్‌కి తీగతో కలిపి, మెమరీ గేజ్ తెరిచి పెట్టుకుని, చక్రాన్ని పైనుంచి కిందికి ఓ పదిసార్లు గట్టిగా తిప్పండి. గీత మొదటిసారి కొంచెం లేచి తర్వాత చదునుగా ఉంటే సరే. ప్రతి తిప్పుకీ మెట్లెక్కుతుంటే ఎక్కడో ఇంకా ఒక పెద్ద ఫొటో తగ్గకుండా లోపలికి వస్తోందని అర్థం. అర్రే నింపే చోట ప్రతి బొమ్మ వెడల్పు, ఎత్తు, స్కేల్ ప్రింట్ చేయించి చూడండి, 150, 50, 3 (రెండింతల తెర ఉన్న ఫోన్‌లో ఎసెట్ కేటలాగ్ బొమ్మకైతే స్కేల్ 2) కానిది ఏదైతే అదే దొంగ.